ఆక్సిడేటివ్ స్ట్రెస్ నిజమే, దాని పేరుతో అమ్మే మాత్రల సంగతే వేరు

అరవై దాటిన రైతుకు కుడిచేయి వణకడం మొదలైతే రాయలసీమ పల్లెల్లో మొదట వినిపించే మాట ‘నరాల బలహీనత’. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఓ బలం ఇంజెక్షన్, ఆ తర్వాత మండల కేంద్రంలోని మందుల షాపు నుంచి నెలకు సరిపడా క్యాప్సూళ్లు. డబ్బా మీద ‘యాంటీ ఆక్సిడెంట్’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అలా ఏడాదో రెండేళ్లో గడిచిపోతాయి. నడక మందగించి, చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమయ్యాక కర్నూలు పెద్దాసుపత్రికో, అనంతపురం, కడపల్లో నరాల డాక్టరు దగ్గరికో తీసుకొస్తారు. పార్కిన్సన్స్ అని అప్పుడు తెలుస్తుంది. మతిమరుపు విషయంలో ఆ మాత్రం కదలిక కూడా ఉండదు. ‘వయసైపోయింది, అంతే’ అని ఇంట్లోవాళ్లే సర్దుకుపోతారు.

డబ్బా మీద రాసిన మాట పూర్తి అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే. పార్కిన్సన్స్, మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ లాంటి జబ్బుల్లో మెదడు కణాలు ఆక్సిజన్ దెబ్బకు పాడవుతాయన్నది పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం. దీన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. కానీ ఆక్సిజన్ దెబ్బ ఉంది కాబట్టి యాంటీ ఆక్సిడెంట్ మాత్ర మింగితే జబ్బు ఆగుతుందన్నది మాత్రం పరీక్షల్లో నిలబడలేదు. మొదటి వాక్యం నుంచి రెండో వాక్యానికి ఎందుకు దూకకూడదో అర్థం కావాలంటే మెదడులో జరిగేదేమిటో కాస్త దగ్గరగా చూడాలి.

అనంతపురం జిల్లావాళ్లకు శనక్కాయ నూనె గురించి కొత్తగా చెప్పేదేమీ ఉండదు. గానుగలో ఆడించి తెచ్చిన నూనెను మూత సరిగ్గా పెట్టకుండా ఎండ తగిలేచోట వదిలేస్తే కొన్నాళ్లకు వాసన మారిపోతుంది, తింటే గొంతులో గరగరలాడుతుంది. గాలిలోని ఆక్సిజన్ నూనెలోని కొవ్వు ఆమ్లాలను పట్టుకోవడం వల్ల వచ్చే మార్పు అది. ఒక అణువు పాడైతే అది పక్కదాన్ని పాడుచేస్తుంది, అది ఇంకోదాన్ని. మెదడు కణాల పొరల్లో జరిగేదీ ఇదే రకం రసాయన చర్య. కాకపోతే మెదడుకు ముప్పు ఎక్కువ. శనక్కాయ నూనెలో ప్రధానంగా ఉండే ఓలియిక్ ఆమ్లంలో ఒక డబుల్ బాండ్ (రెండు కార్బన్ పరమాణువుల మధ్య జంట బంధం), లినోలియిక్ ఆమ్లంలో రెండు ఉంటాయి. మెదడు కణాల పొరల్లో దండిగా ఉండే డీహెచ్‌ఏ అనే కొవ్వు ఆమ్లంలో ఆరు ఉంటాయి. ఇలాంటి డబుల్ బాండ్లు పెరిగేకొద్దీ ఆ కొవ్వు ఆక్సిజన్‌కు తేలిగ్గా దొరికిపోతుంది. పైగా ఒంటి బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు, మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతాన్ని తనే ఖర్చు చేస్తుంది. త్వరగా పాడయ్యే కొవ్వు, ఆపకుండా వచ్చే ఆక్సిజన్, రెండూ ఒకే చోట ఉన్నాయన్నమాట.

ఆ ఆక్సిజన్ ఎక్కువగా వెళ్లేది కణంలోని మైటోకాండ్రియాకు. తిన్న అన్నం, సంగటి చివరికి శక్తిగా మారేది అక్కడే. ఆ పనిలో కొన్ని ఎలక్ట్రాన్లు దారితప్పి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. దాంతో సూపర్ ఆక్సైడ్ అనే ఫ్రీ రాడికల్, అంటే పక్క అణువుల మీద పడి వాటిని పాడుచేసే అణువు, పుడుతుంది. దీన్ని పట్టుకోవడానికి శరీరంలోనే ఒక ఎంజైమ్ ఉంది, పేరు సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. అది ఆ పని చేస్తుందని 1969లో అమెరికా శాస్త్రవేత్తలు జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ కనిపెట్టారు. అది సూపర్ ఆక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని క్యాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే మరో రెండు ఎంజైములు నీళ్లుగా మార్చేస్తాయి. మెదడులో క్యాటలేజ్ కాలేయంలో ఉన్నంత ఉండదు, అందుకే భారం చాలావరకు రెండో ఎంజైమ్ మీద, అది వాడుకునే గ్లూటాథయోన్ అనే పదార్థం మీద పడుతుంది. నీళ్లుగా మారేలోపు ఆ పెరాక్సైడ్‌కు ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. వీటన్నిటిలో ప్రమాదకరమైనది అదే. దాని ఆయుష్షు సెకనులో వందకోట్లో వంతు లెక్కలో ఉంటుంది. ఆ కొద్దిపాటి సమయంలోనే పక్కన ఏది ఉంటే దాన్ని, కొవ్వయినా ప్రొటీనయినా డీఎన్ఏ అయినా, కొట్టేస్తుంది.

ఫ్రీ రాడికల్ అనగానే పూర్తిగా శత్రువు అనుకోవడం కూడా సరికాదు. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి వీటినే వాడతాయి. కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకోవడంలోనూ వీటికి పాత్ర ఉంది. పుట్టుక, పట్టివేత రెండూ సమానంగా సాగుతున్నంతకాలం ఇబ్బంది లేదు. ఆ తూకం చెడటాన్నే 1985లో జర్మనీ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని నిర్వచించాడు.

ఈ తూకం చెడటం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది పార్కిన్సన్స్‌లో. మెదడు అడుగుభాగాన సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లని పట్టీ ఉంటుంది. అక్కడి కణాలు డోపమైన్‌ను తయారు చేస్తాయి. కదలికలు సాఫీగా సాగడానికి అది కావాలి. ఆ కణాల మీద పడినంత పనిభారం మెదడులో ఇంకెక్కడా అరుదు. ఒక్కో కణం కొమ్మలు వేసి పది లక్షలకు పైగా చోట్ల ఇతర కణాలతో కలుస్తుందని అంచనా. వాటన్నిటినీ నడపాలంటే మైటోకాండ్రియా రాత్రింబవళ్లు పనిచేయాలి. డోపమైన్ విచ్ఛిన్నమయ్యేటప్పుడు కూడా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఆ ప్రాంతంలో ఇనుము కూడా ఎక్కువే. చేయి వణకడం బయటపడే సమయానికి ఈ కణాల్లో సుమారు సగం పోయి ఉంటాయి. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసరడం లాంటివి అంతకు చాలా ఏళ్ల ముందే మొదలవుతాయి. మన ఇళ్లలో వీటిని ఒకే జబ్బుకు చెందిన లక్షణాలుగా కలిపి చూసేవాళ్లు తక్కువ.

మైటోకాండ్రియాకు దెబ్బ తగిలితే పార్కిన్సన్స్ ఎలా వస్తుందో ఒక విషాదం చూపించింది. 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు మత్తుమందు తీసుకున్నాక ఉన్నట్టుండి కదల్లేని స్థితికి వచ్చారు. ముసలితనంలో వచ్చే జబ్బు రోజుల వ్యవధిలో వయసులో ఉన్నవాళ్లను పట్టుకుంది. విలియం లాంగ్‌స్టన్ అనే న్యూరాలజిస్టు బృందం కారణం కోసం వెతికింది. మత్తుమందును దొంగచాటుగా తయారు చేసేటప్పుడు అందులో ఎంపీటీపీ అనే రసాయనం కలిసిపోయిందని తేలింది. మెదడులోకి వెళ్లాక అది ఎంపీపీప్లస్‌గా మారుతుంది. డోపమైన్ కణాలు దాన్ని తమ సరుకే అనుకుని లోపలికి లాక్కుంటాయి. లోపల అది మైటోకాండ్రియాలో కాంప్లెక్స్ వన్ అనే భాగాన్ని అడ్డుకుంటుంది. శక్తి తగ్గుతుంది, ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి, కణం చస్తుంది. మామూలుగా వచ్చే పార్కిన్సన్స్‌లోనూ అదే కాంప్లెక్స్ వన్ మందగించి ఉంటుందని 1989 నాటికి బయటపడింది.

ఈ కథ రాయలసీమ రైతుకు తగిలేది ఇక్కడే. చీనీ, అరటి తోటల్లో కలుపు మాడ్చడానికి గడ్డిమందుగా ఏళ్ల తరబడి వాడుతూ వచ్చిన పారాక్వాట్ నిర్మాణం ఎంపీపీప్లస్‌కు దగ్గరగా ఉంటుంది. పనిచేసే పద్ధతి మాత్రం వేరు. కణంలో ఒకచోట ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కు ఇచ్చి సూపర్ ఆక్సైడ్ పుట్టిస్తుంది, మళ్లీ వెనక్కి వచ్చి అదే పని చేస్తుంది. తను ఖర్చు కాకుండా ఇలా తిరుగుతూనే ఉంటుంది. కలుపు మాడిపోయేది ఇలాగే. ఇది మనిషి ఒంట్లోకి వెళ్లిన కేసుల్లో ఊపిరితిత్తులు ఇదే రసాయన చర్యతో దెబ్బతింటాయి, విరుగుడు మందు లేదు. ఊపిరి ఆడక అవస్థ పడుతున్న మనిషికి ఆక్సిజన్ పెట్టాలంటే కూడా డాక్టర్లు వెనకాడతారు, పెట్టే కొద్దీ నష్టం పెరుగుతుంది కాబట్టి. యూరోపియన్ యూనియన్‌లో ఈ మందుకు 2007 నుంచి అనుమతి లేదు.

అలాగని పార్కిన్సన్స్ వచ్చిన ప్రతి రైతుకూ గడ్డిమందే కారణం అనడానికి వీల్లేదు. అమెరికాలో పురుగుమందులు చల్లేవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. పారాక్వాట్ గానీ రోటెనోన్ అనే పురుగుమందు గానీ వాడినవాళ్లలో పార్కిన్సన్స్ సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అది సంబంధాన్ని చూపించింది గానీ, ఫలానా మనిషికి ఫలానా మందు వల్లే వచ్చిందని చెప్పదు. వయసు, జన్యువులు కూడా ఇందులో ఉంటాయి. అయినా ఆదోని పత్తి చేలల్లోనో పులివెందుల తోటల్లోనో ముఖానికి తువ్వాలు ఒక్కటి చుట్టుకుని, చేతికి తొడుగు లేకుండా, మందును కట్టెతో కలిపి, తడిసిన చొక్కాతోనే సాయంత్రం దాకా స్ప్రే చేసే కూలీకి పూర్తి రుజువు వచ్చేదాకా ఆగమని చెప్పడం న్యాయం కాదు. తొడుగులు, మాస్కు, పని అయ్యాక సబ్బుతో స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం ఇవాళే చేయదగినవి. వాటి ఖర్చు తోట యజమానే పెట్టుకోవాలి.

అల్జీమర్స్‌లో బొమ్మ ఇంత స్పష్టంగా ఉండదు. అమైలాయిడ్, టౌ అనే ప్రొటీన్లు మెదడులో పేరుకుపోతాయి. ఆక్సిజన్ దెబ్బ గుర్తులు జబ్బు తొలిదశలోనే కనిపిస్తాయి కాబట్టి అదే మొదటి కారణం అని కొందరంటారు. కానీ అమైలాయిడ్ కూడా రాగి, ఇనుములతో కలిసి రాడికల్స్‌ను పుట్టిస్తుంది. రాడికల్స్ పెరిగితే అమైలాయిడ్ తయారీ మళ్లీ పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. ఏది ముందు అన్న వాదన కంటే, ఈ చక్రాన్ని ఎక్కడ తుంచితే ఆగుతుంది అన్నదే రోగికి పనికొచ్చే ప్రశ్న. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉందని ఒక జాతీయ సర్వే అంచనా వేసింది.

కండరాలను కదిలించే నరాలు క్షీణించే ఏఎల్‌ఎస్ అనే మోటార్ న్యూరాన్ జబ్బు చెప్పే పాఠం ఇంకా గట్టిది. ఈ జబ్బు వంశపారంపర్యంగా ఉన్న కొన్ని కుటుంబాల్లో సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ జన్యువులో లోపం ఉందని 1993లో కనుక్కున్నారు. కాపలా ఎంజైమే పాడైంది, అందుకే రాడికల్స్ నరాలను తినేస్తున్నాయి అని అందరూ అనుకున్నారు. అనుకోవడం సహజమే. కానీ ఆ జన్యువును పూర్తిగా తీసేసిన ఎలుకలకు ఏఎల్‌ఎస్ రాలేదు. తమ ఎంజైమ్ సలక్షణంగా ఉండి, మనిషిలోని లోపమున్న జన్యువును అదనంగా చేర్చిన ఎలుకలకు వచ్చింది. అంటే కాపలా తగ్గడం వల్ల కాదు, వంకరగా మడతపడిన ఆ ప్రొటీన్ విషంగా మారడం వల్ల కణాలు చస్తున్నాయి. ఈ రకం ఏఎల్‌ఎస్‌కు 2023లో అమెరికా అనుమతించిన టోఫెర్సెన్ చేసే పని ఆ ఎంజైమ్ తయారీని తగ్గించడం. యాంటీ ఆక్సిడెంట్ ఎంజైమ్‌ను పెంచే మందు కాదు, తగ్గించే మందు.

ఇక మాత్రల పరీక్షలు. పార్కిన్సన్స్ తొలిదశలో ఉన్న 800 మంది మీద అమెరికా, కెనడాల్లో జరిపిన డాటాటాప్ పరీక్షలో రోజుకు 2000 యూనిట్ల విటమిన్ ఈ ఇచ్చి చూశారు. జబ్బు నెమ్మదించలేదని 1993లో తేలింది. కోఎంజైమ్ క్యూ10 మీద చాలా ఆశ ఉండేది, అది మైటోకాండ్రియాలోనే పనిచేసే పదార్థం కాబట్టి. 600 మందికి రోజుకు 1200, 2400 మిల్లీగ్రాముల మోతాదుల్లో ఇస్తే మేలేమీ లేదని 2014లో ఫలితం వచ్చింది. మన మందుల షాపుల్లో ఇప్పటికీ ఖరీదైన క్యాప్సూళ్లలో ఇదొకటి. అల్జీమర్స్‌లో మాత్రం ఒక చిన్న మినహాయింపు ఉంది. జబ్బు మరీ ముదరని 613 మంది మీద జరిగిన పరీక్షలో రోజుకు 2000 యూనిట్ల విటమిన్ ఈ తీసుకున్నవాళ్లకు స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు చేసుకునే శక్తి కొంచెం నెమ్మదిగా తగ్గిందని 2014లో ప్రకటించారు. జ్ఞాపకశక్తి మెరుగుపడలేదు. జబ్బు రాకుండా ఆపుతుందన్న ఆశ వేరే పరీక్షల్లో తేలిపోయింది. ఆ మోతాదు సొంతంగా వాడదగ్గదీ కాదు. రోజుకు 400 యూనిట్లు తీసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో వెలువడిన మరో పెద్ద పరీక్ష చూపించింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం భయం కూడా ఉంది.

ఎందుకిలా జరిగింది? సగం కణాలు పోయాక మొదలుపెట్టిన మాత్ర పోయినవాటిని తిరిగి తేలేదు. మింగినవాటిలో చాలా పదార్థాలు రక్తం నుంచి మెదడులోకి దాటలేవు, దాటినా మైటోకాండ్రియా లోపలికి తగినంత చేరవు. అన్నిటికంటే ముఖ్యమైనది వేగం. పుట్టిన చోటే, పుట్టిన క్షణంలోనే దెబ్బకొట్టే హైడ్రాక్సిల్ రాడికల్‌కు ఏ విటమిన్ అణువూ ఎదురెళ్లి అడ్డుకోలేదు. శరీరం చేసే పని వేరు. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టకముందే సూపర్ ఆక్సైడ్‌ను, పెరాక్సైడ్‌ను ఎంజైములతో ఖాళీ చేస్తుంది, ఇనుమును ప్రొటీన్లలో బంధించి పెడుతుంది. ఒక ఎంజైమ్ అణువు చేసే పని అంతా ఇంతా కాదు. మాత్రలోని విటమిన్ అణువు ఒకటి రెండు రాడికల్స్‌ను పట్టుకుని ఖర్చయిపోతుంది.

ఈ చర్చలో బుడ్డలు, పసుపు కూడా వస్తుంటాయి. కిలో వేరుశనగ విత్తనాల్లో సుమారు 80 మిల్లీగ్రాముల విటమిన్ ఈ ఉంటుంది. అల్జీమర్స్ పరీక్షలో వాడిన 2000 యూనిట్లు సహజ విటమిన్ లెక్కలో సుమారు 900 మిల్లీగ్రాములు. అంత రావాలంటే రోజుకు 11 కిలోల బుడ్డలు తినాలి! బుడ్డల చట్నీ మంచి తిండి, అందులో అనుమానం లేదు. కానీ తిండి మోతాదు, మందు మోతాదు ఒకే తక్కెడలో తూగవు. పసుపుదీ ఇదే సంగతి. కడప జిల్లా మైదుకూరు పసుపులోనైనా, ఇంకెక్కడి పసుపులోనైనా కర్క్యుమిన్ కొద్ది శాతమే ఉంటుంది, అది పేగుల్లోంచి రక్తంలోకి చేరేది మరీ తక్కువ. అల్జీమర్స్ రోగులకు రోజుకు 4 గ్రాముల దాకా కర్క్యుమిన్‌నే ఇచ్చి 24 వారాలు చూసిన పరీక్షలో మేలు కనిపించలేదని 2012లో తేలింది.

బయటి నుంచి పోయడం కుదరనప్పుడు ఒంట్లో ఉన్న కాపలాను పెంచడం మరో దారి. ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్ కణంలో ఆక్సిజన్ ఒత్తిడిని పసిగట్టి, గ్లూటాథయోన్ తయారీతో పాటు ఎన్నో రక్షణ జన్యువులను ఒకేసారి లేపుతుంది. దాన్ని ప్రేరేపించే ఒమావెలాక్సోలోన్‌కు ఫ్రీడ్రిక్స్ అటాక్సియా అనే అరుదైన వంశపారంపర్య నరాల జబ్బుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. పార్కిన్సన్స్‌కు, అల్జీమర్స్‌కు ఇంకా అలాంటిది లేదు. ఖర్చులేని ప్రేరణ మాత్రం ఒకటుంది, వ్యాయామం. చెమటపట్టేలా నడిచినప్పుడు కండరాల్లో రాడికల్స్ కాస్త పెరుగుతాయి, వాటికి స్పందనగా ఒంటి రక్షణ పెరుగుతుంది. 2009లో జర్మనీలో యువకుల మీద జరిగిన అధ్యయనంలో, వ్యాయామంతో పాటు విటమిన్ సి, ఈ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఇన్సులిన్ పనితీరులో రావాల్సిన మేలు రాకుండా పోయింది. మాత్రలు సంకేతాన్నే తుడిచేశాయి. బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం, వినికిడి తగ్గితే మిషన్ పెట్టించుకోవడం, బీడీ మానడం, బండి మీద హెల్మెట్ పెట్టుకోవడం లాంటివాటి విలువ కూడా క్యాప్సూళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇలాంటి 14 కారణాలను సరిదిద్దితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదిక అంచనా. మతిమరుపు కనిపించగానే బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించడం కూడా మరవకూడదు, ఆ రెండు లోపాలూ సరిచేయగలిగినవి. డాక్టరు చెప్పకుండా ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదు బీ6 ఉన్న ‘నరాల బలం’ మాత్రలు వాడితే ఉన్న నరాలకే తిమ్మిర్లు పట్టుకుంటాయి.

ఆక్సిడేటివ్ స్ట్రెస్ సిద్ధాంతం ఒక దశలో వైద్యాన్ని కూడా తప్పుదారి పట్టించింది. పార్కిన్సన్స్‌కు ఇప్పటికీ అన్నిటికంటే బాగా పనిచేసే మందు ఎల్‌డోపా. అది మెదడులో డోపమైన్‌గా మారుతుంది, డోపమైన్ నుంచి రాడికల్స్ పుడతాయి, కాబట్టి మందే మిగిలిన కణాలను చంపుతుందేమో అన్న భయంతో చాలామంది డాక్టర్లు దాన్ని వీలైనంత ఆలస్యంగా మొదలుపెట్టేవాళ్లు. 2004లో, మళ్లీ 2019లో వెలువడిన పరీక్షల్లో ముందుగా మొదలుపెట్టినవాళ్లకు అలాంటి నష్టం కనిపించలేదు. ‘ఇప్పుడే వేసుకుంటే తర్వాత పనిచేయదు’ అని మన దగ్గర పేషెంట్లు ఇప్పటికీ మాత్రను వాయిదా వేస్తుంటారు. ఆ భయంతో పనిచేసుకోగలిగిన ఏళ్లను మంచంలో గడపాల్సిన అవసరం లేదు.

చేల గట్ల మీద అల్లుకునే దూలగొండి విత్తనాల్లోనూ ఎల్‌డోపా ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. ఆ పొడిని ‘యాంటీ ఆక్సిడెంట్ మూలిక’ అని అమ్ముతారు గానీ చేతి వణుకు మీద అది చూపించే ప్రభావం అందులోని ఎల్‌డోపాదే. ఎంత ఉందో కొలవకుండా దాన్ని డాక్టరు మాత్రకు జోడిస్తే మోతాదు మించి, ఒళ్లు మెలికలు తిరగడం, లేనివి కనిపించడం మొదలవుతాయి. మాత్ర వేసుకునే వేళ కూడా ముఖ్యం. పప్పు, మాంసం, బుడ్డల్లోని ప్రొటీన్ పేగుల్లో ఎల్‌డోపాతో పోటీపడి దాన్ని లోపలికి పోనివ్వదు. అందుకని సంగటి, పప్పు ముందుకు రావడానికి అరగంట ముందే మాత్ర వేసుకోవాలి. అప్పటికే తినేసి ఉంటే గంటా గంటన్నర ఆగి వేసుకోవాలి.